మామిడి చేతులతో షుగర్ టెస్టా?

కొల్లాపూర్ మామిడి మార్కెట్లోకి దిగిందంటే షుగర్ ఉన్నవాళ్లకు పరీక్షా కాలమే. ఎదురుగా నిగనిగలాడే బేనిషాన్, ఇంట్లోవాళ్ల చూపులన్నీ మనమీదే. ఈసారి విశేషాలు వాళ్ల కోసం.

పండు కోసిన చేత్తోనే వేలు గుచ్చి చూసుకుంటే మీటరు రక్తంతో పాటు వేలికంటిన రసాన్నీ లెక్కగడుతుంది. 2011లో జపాన్ పరిశోధకులు షుగర్ లేనివాళ్ల చేత నారింజ, ద్రాక్ష, కివీ పండ్లు ఒలిపించి మరీ చూశారు. వాళ్లకూ అంకె అమాంతం పెరిగింది. స్పిరిట్ దూదితో ఐదుసార్లు తుడిచినా తప్పు లెక్కే! నల్లా నీళ్లతో చేతులు కడుక్కున్నాకే అంకె దారికొచ్చింది. కాబట్టి మందు డోసు పెంచుకోవాలేమోనని కంగారుపడే ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ చూడండి. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి కూడా తక్కువ.

మీటరు స్ట్రిప్పులకు ఎండ పడదు. చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటుంది. మన మే నెల ఎండకు బండి డిక్కీలో పెడితే ఇంకేముంది!

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు నోరు కట్టేసుకునే మహానుభావులు చాలామందే ఉన్నారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష ముందు ఆ ఎత్తు పెద్దగా పారదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ రక్తంలో తగిలిన చక్కెరను పట్టుకునే ఉంటుంది. జనం దాన్ని మూడు నెలల షుగర్ అనేది అందుకే.

ఇంతకీ పండు తినొచ్చా? వంద గ్రాముల గుజ్జులో పిండిపదార్థం సుమారు 15 గ్రాములు, అంటే ఒక చిన్న పుల్కాతో సమానం. షుగర్ అదుపులో ఉంటే రెండు ముక్కలు తిని ఆ పూట ఒక రొట్టె తగ్గించుకోవచ్చు. తిన్న రెండు గంటలకు మీటరు చూస్తే మీ ఒంటికి పడిందో లేదో తెలిసిపోతుంది. రసం, తాండ్ర మాత్రం వేరే లెక్క. పంచదార కలిపారంటే ఇక చెప్పేదేముంది.

జొన్నరొట్టె ఎంత తిన్నా ఏం కాదనుకోవడం మన పాలమూరు భ్రమ. జొన్నలో పీచు ఉన్నమాట నిజమే, పిండి మాత్రం బియ్యం కన్నా మరీ తక్కువేం కాదు.

పొడపత్రి ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది. కాసేపు నాలుకకు తీపి తెలియదు, అంతే. దాన్ని నమ్ముకుని మాత్రలు మానేస్తే ప్రమాదం.

ఒక్కపొద్దు ఉండేవాళ్లు షుగర్ మాత్రలు ఎట్లా వేసుకోవాలో ముందే డాక్టరును అడగాలి. చెమటలు, వణుకు పట్టి మీటరు 70 కన్నా తక్కువ చూపిస్తే ఉపవాసం పక్కనపెట్టి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. అప్పుడు చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది.