గ్రాఫు కాగితం లెక్కతో కొయ్య చెక్కే మిషను

గ్రాఫులో (3, 2) బిందువు గుర్తించమంటే ఇదెందుకు పనికొస్తుందని మన క్లాసులో గొణుగుతారు కదా. కొయ్య చెక్కడానికి పనికొస్తుంది, వినండి.

మా మామ కదిరిలో వడ్రంగి కొట్టులో కూలికి పోతాడు. ఆ కొట్టాయన సొంతంగా సిఎన్‌సి రౌటరు బిగించుకున్నాడు. ఇంక తన కూలి పోతుందని మామకు దిగులు. అందుకే సెలవుల్లో తనకల్లులో బస్సెక్కి పోయి, ఆ మిషను దగ్గరుండి చూసినాను.

ఏటికొప్పాక బొమ్మలకైతే లేత్ మీద అంకుడు కొయ్య తిరుగుతుంది, ఉలి మనిషి చేతిలో ఉంటుంది. ఇక్కడ పలక కదలదు. బిట్టే గిర్రున తిరుగుతూ దాని మీద నడుస్తుంది. నడిపేవి స్టెప్పర్ మోటార్లు. ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలే తిరుగుతాయి, అంటే 200 అడుగులకు ఒక చుట్టు. చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే మరకడ్డీ ఉంటే, 1 మిల్లీమీటరుకు 25 అడుగులు. ఈ లెక్కంతా ఆర్డునో అనే చిన్న బోర్డు చూసుకుంటుంది. "జి1 ఎక్స్50 వై30" అని రాసిస్తే బిట్టు తిన్నగా ఆ బిందువుకు పోతుంది. మన గ్రాఫులో లేని మూడో అక్షం జెడ్, అది లోతు. పలక పైభాగం సున్నా అనుకుంటే, జెడ్ -2 అంటే 2 మిల్లీమీటర్లు కొయ్యలోకి దిగడం. ఋణసంఖ్య నాకు అప్పుడే కంటికి కనబడింది!

ఒక్కసారే లోతుకు దించితే బిట్టు విరుగుతుంది, పొరలు పొరలుగా చెక్కాలి. జడ, చున్నీ దగ్గరికి పోనీయరాదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

అయితే కొయ్యలో ముడి ఎక్కడుందో మిషనుకు తెలియదు. మంచి పలక ఏరడం, కదలకుండా బిగించడం, సున్నా చూపడం ఇప్పుడు మామ పనే. రాసివ్వడం మాత్రం రాదు, ఆయన బడికి పోలేదు. దసరాకు వచ్చేటప్పుడు గ్రాఫు కాగితాలు తెమ్మన్నాడు.