బొబ్బిలి యుద్ధ స్తంభం

బొబ్బిలిలో పూర్వపు కోట ఉండిన చోట నేడు కోట లేదు. నాడు అది దట్టమైన ముళ్లపొదల నడుమ మట్టితో కట్టిన కోట. రాజమహళ్ల వలె చూపరులను ఆకర్షించే కట్టడం కాదు. ఆ స్థలంలో ఇప్పుడు ఒక స్మారక స్తంభం మాత్రమే నిలిచి ఉన్నది. 1757 జనవరి 24న అక్కడ జరిగిన యుద్ధానికి అది గుర్తు.

ఆ యుద్ధానికి మూలం ఒక్కరోజులో పుట్టినది కాదు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమయ్యాయి. వారి సేనాని బుస్సీ శిస్తు వసూలుకై వచ్చినప్పుడు విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు అతనికి తోడయ్యాడు. విజయనగరానికీ బొబ్బిలికీ పొలిమేరల విషయంలోనూ, పొలాలకు పారే నీటి విషయంలోనూ వైరం అంతకుముందే ఉన్నది. ఏటినీటి తగవులు ఎంత దూరం పోగలవో మన పల్లెల్లో పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కోట విడిచి మరొకచోటికి వెళ్లవలసిందన్న ప్రతిపాదనను బొబ్బిలి ప్రభువు రంగారావు అంగీకరించలేదు. ఫ్రెంచి ఫిరంగులు బురుజులను పడగొట్టినా, గండ్ల వద్ద బొబ్బిలి వీరులు శత్రువులను పలుమార్లు వెనుకకు నెట్టారు. ఇక ఓటమి తప్పదని తేలినప్పుడు లోపలి స్త్రీలూ పిల్లలూ శత్రువుల చేత చిక్కరాదని నిశ్చయించి, ఇళ్లకు నిప్పు పెట్టించారు.

ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు రచయితలు జాగ్రత్త వహించవలసి ఉన్నది. జానపద గాథలు దీనిని వీరనారుల ఆత్మాహుతిగా కీర్తించాయి. పద్దెనిమిదవ శతాబ్దంలోనే ఈ యుద్ధాన్ని గ్రంథస్థం చేసిన ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ మాత్రం, వారిని తమవారే అగ్నికీ ఆయుధానికీ అప్పగించారని వ్రాశాడు. ఈ రెండింటికీ మధ్య గల భేదం చిన్నది కాదు. మరణించిన పసిబిడ్డలకు ఎంచుకునే అవకాశం ఏదీ?

యుద్ధం ముగిసిన మూడవ రాత్రి విజయరామరాజు తన గుడారంలో హతుడయ్యాడు. రాజాం నుండి వచ్చిన తాండ్ర పాపారాయుడు ఆ పని చేశాడని గాథలు చెబుతాయి. రెండు వంశాల ప్రభువులూ అలా కొద్దిరోజుల తేడాతో నేలకొరిగారు.

స్తంభం పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో, బొబ్బిలి మహారాజు వేంకట శ్వేతాచలపతి రంగారావు కాలంలో వెలసింది. అంటే యుద్ధానికీ స్మారకానికీ మధ్య శతాబ్దానికి మించిన కాలం గడిచింది. దాని రూపం గమనింపదగినది. నాలుగు పలకలుగా లేచి, పైకి పోయినకొద్దీ సన్నబడి, కొన మొనదేలి ఉండే ఇట్టి స్తంభాలు తొలుత ప్రాచీన ఈజిప్టులో వెలిశాయి. ఐరోపావారు వాటిని విజయాలకూ మరణాలకూ గుర్తులుగా స్వీకరించారు. ఆంగ్లేయుల ద్వారా ఆ రీతి మన దేశానికి వచ్చింది.

మన పూర్వుల పద్ధతి వేరు. వారు వీరగల్లు నిలిపేవారు. అనేక వీరగల్లులలో ఒకే రాతిని అంతస్తులుగా విభజించి, కింద వీరుని పోరాటాన్ని, దానిపైన అప్సరసలు అతనిని కొనిపోవడాన్ని, అన్నిటికంటె పైన స్వర్గంలో శివసన్నిధిని చెక్కేవారు. చదువు రానివాడు కూడా ఆ రాతిని చూసి కథ తెలుసుకోగలడు. మొనదేలిన స్తంభం అలా కథ చెప్పదు. ఎవరో ఒకరు పక్కన నిలిచి చెప్పాలి. బొబ్బిలి విషయంలో ఆ పనిని జంగం కథలూ, బుర్రకథలూ, వేదం వేంకటరాయశాస్త్రి నాటకమూ, 1964 నాటి చలనచిత్రమూ చేశాయి. స్తంభాన్ని ఎన్నడూ చూడనివారికి సైతం మల్లమ్మదేవి, పాపారాయుడు తెలిసినది వాటి వల్లనే.

అయితే ఆ గాథల వెలుగులో మరుగున పడిన ఒక వ్యక్తి ఉన్నాడు. కోట కూలిన తరువాత ఒక వృద్ధుడు ఒక బాలుని చేయి పట్టుకుని ఫ్రెంచివారి వద్దకు వచ్చాడని ఓర్మ్ వ్రాశాడు. ఆ బాలుడు రంగారావు కుమారుడు. తండ్రి ఆజ్ఞను మీరి అతనిని బ్రతికించానని వృద్ధుడు చెప్పుకున్నాడు. ఆ బాలుడే చిన రంగారావు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఆంగ్లేయుల చేతిలో మరణించిన తరువాత, అతనికి బొబ్బిలి సంస్థానం తిరిగి దక్కింది. స్తంభం నిలిపిన మహారాజు ఆ సంస్థానానికే వారసుడు. బాలుని కాపాడిన వృద్ధుని పేరు మాత్రం ఓర్మ్ వ్రాయలేదు.