పంటి రాయి తీశాక పళ్ళు తెల్లబడతాయా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పెట్టారు. చివరికి ఒక చిన్న రాయి గురించి రాస్తున్నాం. అది పంటి మీద అతికించే మెరుపు రాయి. చిన్నదే అయినా మా గది మిత్రుణ్ణి ఎంత ఇబ్బంది పెట్టిందో కళ్ళారా చూశాం. ఆ ఇబ్బంది మీకు రాకూడదని ఈ నాలుగు మాటలు.

మేము ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. రసాయనశాస్త్రంలో పీజీ చేసి, ఉద్యోగ ప్రయత్నాల కోసం అమీర్‌పేటలో ముగ్గురం ఒకే గదిలో ఉంటున్నాం. మైత్రీవనం దగ్గర కోర్సుల కరపత్రాలతో పాటు పళ్ళు తెల్లబరుస్తామనే కరపత్రాలూ చేతిలో పెడుతుంటారు. మా మిత్రుడిది నల్లగొండ జిల్లా. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళ వల్ల ముందు పళ్ళ మీద గోధుమరంగు గీతలు పడ్డాయి. చూసేవాళ్ళ కళ్ళు గార మీద కాక మెరుపు మీద పడతాయని ఒక పంటికి రాయి పెట్టించుకున్నాడు.

కొన్ని నెలలకు పంజాగుట్టలో ఇంటర్వ్యూ పడింది. రాయి బాగుండదనుకుని, నాలుగు రోజుల ముందు గోళ్ళ కత్తెరతో పీకేశాడు. తరువాత ఒక చోట పళ్ళు తెల్లబరిపించుకున్నాడు. మిగతా పన్ను కొంత తెల్లబడింది. రాయి ఉన్నచోట మాత్రం గుండ్రంగా పసుపు మచ్చ తేలింది. ఇంటర్వ్యూలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడాడట. ఆ ఉద్యోగం రాలేదు. దానికి పన్నే కారణమని మేము అనం. కానీ తెలిసిన జవాబులు కూడా గట్టిగా చెప్పలేకపోయానని వాడే బాధపడ్డాడు.

ఇలా ఎందుకు జరిగింది? మన హాస్టల్ గోడనే గుర్తు చేసుకోండి. హీరో పోస్టరు మైదా జిగురుతో అంటిస్తాం. వార్షికోత్సవానికి సున్నం వేసేటప్పుడు పోస్టరు చింపినా జిగురు గీకకపోతే అక్కడ సున్నం పట్టదు. చుట్టూ తెల్లగా, మధ్యలో మరక. పంటి సంగతీ అంతే.

రాయి అతికించే ముందు పంటి పైపొర అయిన ఎనామిల్‌కు కాసేపు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. దానితో కంటికి కనపడని గుంతలు ఏర్పడతాయి. వాటిలోకి రెజిన్ అనే జిగురు దిగుతుంది. నీలికాంతి పడగానే అది గట్టిపడి రాయిని పట్టుకుంటుంది. రాయి ఊడినా జిగురు పంటి మీద మిగిలిపోవచ్చు. టీ, కాఫీల రంగు దానికి త్వరగా పడుతుంది.

పళ్ళు తెల్లబరిచే మందులో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా దాన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ నుంచి సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. అది ఎనామిల్‌లోకి ఇంకి, రంగునిచ్చే అణువులను విడగొడుతుంది. కానీ రెజిన్‌ను పంటిలా తెల్లబరచలేదు. పైగా రెజిన్ కప్పిన చోటికి మందు సమంగా చేరదు. మచ్చ తేలడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. రాయి అంచున పాచి చేరుతుంది. బ్రష్ సరిగా తిప్పకపోతే ఆ పాచిలోని ఆమ్లాలు ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగించి, సుద్దలాంటి తెల్లమచ్చ చేస్తాయి. అది పిప్పికి మొదటి మెట్టు. దాన్ని బాగు చేయించకుండా తెల్లబరిస్తే ఆ మచ్చ ఇంకా కొట్టొచ్చినట్లు కనిపించవచ్చు.

గార పళ్ళ సంగతి వేరు. మన ప్రాంతంలో ఫ్లోరైడ్ వ్యాధిని 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు వైపు గుర్తించారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగడం మంచిది కాదు. చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడే ఈ మచ్చ లోపల ఏర్పడుతుంది. తరువాత మంచినీళ్ళు వచ్చినా అది పోదు. ఒక్క తెల్లబరిచే మందుతో పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందు పైపొరను అతి పలుచగా అరగదీసే చికిత్స అవసరం కావచ్చు. అది మీ బద్ధకం వల్లనో మురికి వల్లనో వచ్చిన మచ్చ కాదు. సిగ్గుపడే పని లేదు.

అందుకని వరుస గుర్తుంచుకోండి:

1. రాయిని దంతవైద్యుల చేతనే తీయించాలి. బ్లేడు, పిన్నీసు వద్దు. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

2. జిగురంతా తీసి నునుపు చేశారో లేదో అడగాలి. గార, పిప్పి, తెల్లమచ్చలు చూపించుకోవాలి.

3. అవి బాగయ్యాకే తెల్లబరిపించుకోవాలి. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమనడం మామూలే.

4. మళ్ళీ రాయి కావాలన్నా, పంటిరంగు సిమెంటు నింపించాలన్నా సుమారు రెండు వారాలు ఆగాలి. ఎనామిల్‌లో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను గట్టిగా పట్టనివ్వదు. సిమెంటు రంగు కూడా కొత్త తెలుపుకు సరిపోయేలా అప్పుడే ఎంచుకోవచ్చు.

ఇంటర్వ్యూ అయినా, అక్క పెళ్ళి అయినా కనీసం నెల ముందు మొదలుపెట్టండి. స్కూలు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అసలు తొందరపడొద్దు. ఐరోపా సమాఖ్య 2011 నిబంధన ప్రకారం 0.1 శాతం మించి పెరాక్సైడ్ ఉన్న తెలుపు మందులు 18 ఏళ్ళలోపు వారికి వాడకూడదు. పుండ్లు కడిగే పెరాక్సైడ్‌తోనో, నిమ్మరసం సోడాతోనో ప్రయోగాలు చేయకండి.

డబ్బు లేదని ఆగిపోకండి. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పంజాగుట్ట మీదుగా వెళ్ళి ఎం.జి.బి.ఎస్.లో దిగితే అక్కడికి దగ్గరే.

మా మిత్రుడి సంగతి చెప్పలేదు కదూ! తరువాత ఒక దంతవైద్యురాలు మిగిలిన జిగురు తీసి, నునుపు చేసి, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ తెల్లబరిచారు. పసుపు మచ్చ పోయింది. గోధుమ గీతలు పలుచబడ్డాయి కానీ పూర్తిగా పోలేదు. అయినా ఇప్పుడు గదిలో అందరికంటే గట్టిగా నవ్వేది వాడే. మొన్న ఇంకో ఇంటర్వ్యూకు వెళ్తూ రెండు చేతులతోనూ ఫైలే పట్టుకున్నాడు.