ఇనుప పనిముట్లకు త్రుప్పు పట్టకుండ కాపాడుట

మృగశిర కార్తెలో తొలివాన కురిసిన పిమ్మట నేల దుక్కికి అనువుగా నుండు దినములు కొలదియే. ఆ దినములలో రెక్క నాగలి త్రుప్పుపట్టి యున్నయెడల మన్ను రెక్కపై జారక అంటుకొనును. చాలు సరిగా తిరుగబడదు. ఎడ్లకు బరువు హెచ్చును. వేసవిలో కొంచెము శ్రద్ధ వహింపనందున దుక్కి యదను తప్పును. కావున త్రుప్పు ఏల పట్టునో, దాని నెట్లు నివారింపవలెనో ప్రతి రైతును ఎరుగుట మేలు.

త్రుప్పునకు కారణము: ఇనుము గాలిలోని ప్రాణవాయువుతోను నీటితోను కలసి త్రుప్పుగా మారును. పొడిగాలిలో నినుము చాలకాలము చెడదు. ఉప్పు, రసాయనిక ఎరువులు, పశువుల మూత్రము తగిలినచో త్రుప్పు వేగిరపడును. త్రుప్పు పొరలుగా రాలిపోవును గనుక లోపలి యినుమును కాపాడజాలదు. ఇత్తడి లేక రాగి భాగములు ఇనుముతో కలసి తడిగా నున్నచోట ఇనుమే ముందుగా చెడును. జింకు పూత యిందుకు భిన్నము. పూతపై గీత పడినను జింకే ముందుగా కరిగి యినుమును కాపాడును. జింకు పూసిన బొక్కెనలును తీగలును పెక్కేండ్లు నిలుచుట కిదియే కారణము.

దినదినము చేయవలసినది: పని ముగిసిన వెంటనే కర్రు, రెక్క, గుంటక పాస మొదలగువాని కంటిన మన్నును చెక్కముక్కతో గీసివేసి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. తరువాతనే చమురు పూయవలెను. చెమ్మపై పూసిన చమురు చెమ్మను లోపలనే నిలుపును. ఎరువులు చల్లు గొర్రును ఆ దినముననే కడుగవలెను. ఎరువు గాలిలోని చెమ్మను పీల్చి రాత్రికి రాత్రియే యినుమును తినుట కారంభించును.

పని లేని కాలమున: పాత త్రుప్పును తీగకుంచెతో గాని గరుకుకాగితముతో గాని రుద్ది, కిరసనాయిలుతో తుడువవలెను. నేలలో రాచుకొని నునుపెక్కిన భాగములకు రంగు వేయక గ్రీజు దట్టముగా పూయవలెను. తక్కిన భాగములకు రెడ్ ఆక్సైడు పూత వేసి, అది ఆరిన పిమ్మట పై రంగు రెండు మారులు వేయవలెను. అంచులును అతుకులును విడువరాదు. పూర్వము సీసపు సిందూరము వాడుచుండిరి. సీసము విషము గనుక ఇప్పుడు దానిని వాడరాదు. పనిముట్లను నేలపై పడవేయక, కొయ్యదిమ్మలపై పెట్టి, ఎరువుల బస్తాలకు దూరముగా పొడికొట్టములో నుంచవలెను.

మైలుతుత్తము విషయమున జాగ్రత్త: తెగుళ్లకు చల్లు బోర్డో మిశ్రమము 1885లో ఫ్రాన్సు దేశమున ప్రకటితమైనది. 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము, 100 లీటర్ల నీరు దీని పాళ్లు. మైలుతుత్తమును ఇనుపపాత్రలో కరిగింపరాదు. రాగి యినుముపై చేరి, పాత్ర కరగుటయే గాక మందు బలమును తగ్గును. మట్టిపాత్రగాని ప్లాస్టికు తొట్టిగాని తగినది. మిశ్రమము సిద్ధమైన పిదప మెరుగుపెట్టిన కత్తిని అందులో కొన్ని నిమిషములు ముంచి చూడవలెను. కత్తిపై ఎర్రని పూత యేర్పడినచో మరికొంత సున్నపునీరు కలుపవలెను. చల్లిన పిదప యంత్రములో మంచినీరు పోసి కొట్టి కడుగవలెను.

గుడ్డపేలిక, కుంచె, కొలదిపాటి గ్రీజు: ఇంతకు మించిన ఖర్చు దీని కక్కరలేదు. వేసవిలో నీ పని ముగించిన రైతు తొలివాన నాడు కమ్మరి కొలిమికడ కాచుకొనియుండక నాగలి కట్టగలడు.