గ్రంథాలయంలో జల్లెడ



పిండి జల్లించడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. జల్లెడ కన్నాలు పెద్దవైతే పొట్టూ, పురుగూ కిందికి దిగుతాయి. మరీ సన్నవైతే మంచి పిండీ పైనే నిలిచిపోతుంది. అమెరికాలోని పబ్లిక్ లైబ్రరీల్లో కంప్యూటర్లకు పెట్టే ఫిల్టరు సంగతీ ఇంతే. అమ్మాయి పురిటికనో, మనవల కోసమనో అక్కడికి వెళ్ళే తల్లులు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

ఆ లైబ్రరీల్లో పెద్దలూ పిల్లలూ కూడా ఇంటర్నెట్ చూసుకోవచ్చు. అశ్లీల చిత్రాలు పిల్లల కంట పడకూడదని 2000 డిసెంబరులో అక్కడ ఒక చట్టం చేశారు. ఇంటర్నెట్ కోసం కేంద్ర ప్రభుత్వ సహాయం పుచ్చుకునే లైబ్రరీ తన కంప్యూటర్లకు ఫిల్టరు పెట్టి తీరాలి. ఏ తల్లి కాదంటుంది?

చిక్కల్లా ఎక్కడంటే, చట్టం వద్దన్నది బొమ్మల్ని. ఫిల్టరేమో కంపెనీ తయారుచేసిన జాబితానూ, కొన్ని మాటలనూ పట్టుకుని పేజీకి పేజీనే మూసేస్తుంది. 2002లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ వారు ఇలాంటి ఫిల్టర్లను పరీక్షించారు. తక్కువ కట్టుదిట్టంలో పెడితే నూటికి 87 అశ్లీల పేజీలు ఆగాయి. ఆరోగ్య విషయాలు చెప్పే పేజీలు నూటికి ఒకటి రెండుకు మించి ఆగలేదు. పూర్తిగా బిగిస్తే అశ్లీలం 91 దాకా ఆగింది. కానీ ఆరోగ్య పేజీలు 24 పోయాయి! నాలుగు గింజల పొట్టు కోసం ఎంత పిండి పారబోసుకున్నట్టో చూడండి.

రొమ్ములో గడ్డ తగిలి, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక లైబ్రరీకి వెళ్ళిన ఇల్లాలి ముందు ఆ పేజీ మూసుకుపోతే? "ఇది కాస్త తెరిచి పెట్టండి" అని పదిమందిలో అడగడానికి ఆమెకు నోరు వస్తుందా?

అమెరికా లైబ్రరీల సంఘం కోర్టుకెక్కింది. 2002లో ఫిలడెల్ఫియాలోని కోర్టు ఆ చట్టం చెల్లదంది. 2003 జూన్‌లో సుప్రీంకోర్టు, ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా, చెల్లుతుందని తీర్పు చెప్పింది. అయితే పెద్దవాళ్ళు అడిగితే ఫిల్టరు తీసెయ్యవచ్చునన్న వెసులుబాటు చట్టంలోనే ఉంది. ఎందుకు కావాలో సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదని ప్రభుత్వ న్యాయవాదే ఆ కోర్టులో ఒప్పుకున్నాడు.

కనుక అక్కడికి వెళితే మొహమాటపడకండి. అడగడం మన హక్కు. ఇక పిల్లల సంగతంటారా, ఎంత బిగించినా నూటికి తొమ్మిది జారిపోయాయని చూశాం కదా! జల్లెడ ఉంది కదా అని పిండి వంక చూడకుండా ఏ ఇల్లాలూ రొట్టె చెయ్యదు. మనవడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మాత్రం మానకండి.