విలన్ బ్యాటరీయేనా?

హీరో గుట్ట మీంచి దూకాడు. తుపాకి ఎక్కుపెట్టాడు. డైరెక్టరు "యాక్షన్" అన్నాడు. తుపాకి "గుర్ర్..." అని మూలిగి ఊరుకుంది! విలన్‌కి నవ్వాగలేదు. హీరోగారికి ఏడుపాగలేదు.

మక్తల్ చుట్టుపక్కల గుండ్రాళ్ల గుట్టలు చూస్తే ఎవరికైనా ఓ కౌబాయ్ సీను తియ్యాలనిపిస్తుంది మరి! 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చిన దగ్గర్నుంచీ తెలుగు కుర్రకారుకి ఈ గుర్రం, తుపాకి సరదా వదల్లేదు. గుర్రం లేకపోతే బైకుంది. కెమెరా లేకపోతే సెల్‌ఫోనుంది. తుపాకికే వచ్చింది చిక్కంతా. చేతిలో ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ గన్ను కావచ్చు, బజార్లో దొరికే జెల్లీ గుండ్ల బొమ్మ తుపాకి కావచ్చు, బ్యాటరీ లేనిదే కదలదు. "అన్నా, రాత్రంత చార్జింగు పెట్టిన. పొద్దుగాల రెండు షాట్లకే సచ్చింది. కొత్త బ్యాటరీ కొనాల్నా?" అని అడిగే తమ్ముళ్లకే ఈ వ్యాసం.

తొందరపడకండి తమ్ముళ్లూ. ముందు తుపాకి కడుపులో ఏముందో చూద్దాం. ట్రిగ్గర్ నొక్కితే మోటారు తిరుగుతుంది. పళ్లచక్రాలు పిస్టన్‌ని వెనక్కి లాగి స్ప్రింగుని బిగిస్తాయి. వదలగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని తోస్తుంది. ఆ గాలి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండుని తన్నేస్తుంది. ఈ పద్ధతి ఎలక్ట్రిక్ తుపాకిని జపాన్‌లోని టోక్యో మారుయి కంపెనీ 1991లో ఫామాస్ అనే ఫ్రెంచి రైఫిల్ ఆకారంలో విడుదల చేసింది. అంత స్ప్రింగుని లాగాలంటే మాటలా! అసలైన ఎయిర్‌సాఫ్ట్ గన్నులో మోటారు 15, 20 ఆంపియర్ల దాకా గుంజుతుంది. మీ సెల్‌ఫోను చార్జరు ఇచ్చేది రెండు మూడు ఆంపియర్లే.

కాబట్టి మొదట లెక్క చూసుకోండి. 1,100 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ 20 ఆంపియర్లు ఇస్తూ పోతే మూడు నిమిషాల చిల్లరలో ఖాళీ! ఒక్కో మిల్లీ ఆంపియర్ అవర్‌కి ఒక్కో గుండు అని ఆటగాళ్లు చేతిలెక్క వేస్తారు. వెయ్యి గుండ్లు పేల్చాక చచ్చిందంటే బ్యాటరీ తన పాత్ర తాను పోషించినట్టే. మూడొందలకే పడిపోతే మాత్రం ఎవరో దొంగ ఉన్నాడు.

ఆ దొంగ చాలాసార్లు చార్జరే! తుపాకితో పాటు వచ్చే చిన్న చార్జరు 250 మిల్లీ ఆంపియర్లే ఇస్తుందనుకోండి, 1,600 బ్యాటరీ నిండడానికి ఎనిమిది గంటలైనా పడుతుంది. రెండు గంటలు పెట్టి తీసేస్తే పావు కడుపే నిండుతుంది. అలాగని దానంతటదే ఆగని చార్జరుకి రాత్రంతా తగిలించి పడుకుంటే బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇక్కడో ద్విపాత్రాభినయం ఉంది. 'రాముడు భీముడు' (1964) లో రామారావుగారిలా చూడ్డానికి ఇద్దరూ ఒకటే, గుణాలు మాత్రం వేరు! నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ మీద 8.4 వోల్టులని రాసి ఉంటుంది. అది 1.2 వోల్టుల సెల్లులు ఏడింటి మొత్తం. 7.4 అని రాసిన లిథియం పాలిమర్ బ్యాటరీ కూడా పూర్తిగా నిండితే సరిగ్గా 8.4 చూపిస్తుంది. "రెండూ ఒకటేగా" అని నికెల్ చార్జరుని లిథియంకి తగిలించారో, మంటలంటుకోవచ్చు. ఇది జోకు కాదు.

చార్జరు మంచిదేనా? అయితే ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు అడిగి తెచ్చుకోండి. నిండుగా చార్జి చేసి వోల్టులు రాసుకోండి. ఒక రాత్రి బ్యాటరీని తుపాకి బయట ఉంచి పొద్దున కొలవండి. మర్నాడు మళ్లీ నింపి తుపాకిలోనే తగిలించి ఉంచి కొలవండి. బయట ఉంటే నిలిచి, లోపల ఉంటే పడిపోతోందా? కరెంటు తాగేది తుపాకి. స్విచ్చో, లోపలి సర్క్యూటో చూపించాలి. బయట ఉన్నా పడిపోతోందా? సెల్లు పాడైంది. నికెల్ బ్యాటరీ మాత్రం వాడకపోయినా నెలకి ఐదో వంతు దాకా తనంతట తనే ఖర్చవుతుంది. పోయిన నెల నింపి ఈ నెల తిట్టకండి.

రెండూ బాగుంటే చేత్తో తాకి చూడండి. కాసేపు పేల్చాక కనెక్టరు కాలుతోందా? పిన్నులు వదులయ్యాయి, లేదా తుప్పు పట్టాయి. వైరు వేడెక్కిందా? అది సన్నది. పిడి దగ్గర మోటారు మండిపోతోందా? చక్రాలు బిగుసుకున్నాయి, లేదా ఎవరో మొనగాడు "పవరు పెరుగుతుంది" అని గట్టి స్ప్రింగు వేశాడు. పిడి అడుగున స్క్రూ ఉంటుంది. మోటారు పళ్లు చక్రానికి ఎంత గట్టిగా ఒరుసుకోవాలో అది నిర్ణయిస్తుంది. కొంచెం తిప్పగానే గొంతు మారిపోయిన తుపాకులున్నాయి! ఇవేవీ కాకపోతే, మంచి బ్యాటరీ ఒకటి ఎవరినైనా అడిగి అదే తుపాకికి పెట్టండి. దానితో చక్కగా పేలితే అప్పుడు కొనండి కొత్తది.

లిథియంకి పెద్దల సలహా పనికిరాదు. "పూర్తిగా అయ్యేదాకా వాడి, అప్పుడు పెట్టాలి" అన్నది పాత నికెల్ కాడ్మియం రోజుల మాట. లిథియం సెల్లు 3 వోల్టుల కిందికి దిగిందంటే దానికి ఆయుష్షు తగ్గినట్టే. దాచేటప్పుడు సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో మన పాలమూరు ఎండలో బైకు డిక్కీలో వదిలేస్తే చార్జి సంగతేమో గాని బ్యాటరీయే మిగలదు. పూరీలా ఉబ్బిందా, ఇక వాడకండి. పొడవకండి, చెత్తలో వెయ్యకండి. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవాళ్లకి అప్పగించండి.

బొమ్మ తుపాకికి ఇంత రాద్ధాంతమా అంటారేమో. 1993లో 'ది క్రో' షూటింగులో బ్రూస్‌లీ కొడుకు బ్రాండన్ లీ తుపాకి దెబ్బకే పోయాడు. 2021 అక్టోబరులో 'రస్ట్' సెట్టు మీద కెమెరా చూసే హలీనా హచిన్స్ అసలు తూటాకి బలైంది. ఆ వెంటనే 'ది రూకీ' అనే అమెరికా సీరియల్ వాళ్లు ఇకమీదట ఎయిర్‌సాఫ్ట్ తుపాకులే వాడతామనీ, మంటని తర్వాత కంప్యూటర్లో కలుపుకుంటామనీ ప్రకటించారు. హాలీవుడ్ దిగొచ్చింది మీ దారికే!

అయినా ప్లాస్టిక్ గుండు కూడా కన్ను తీస్తుంది. కెమెరా వెనకున్న వాళ్లతో సహా అందరికీ కళ్లద్దాలు పెట్టండి. బస్టాండు దగ్గర తుపాకి ఊపుతూ షూటింగు పెడితే జనం నిజమనుకుంటారు. ముందే పోలీసు స్టేషన్లో చెప్పండి. రిహార్సల్స్‌కి బ్యాటరీ ఊడదీసి, "ఢిష్యుం" నోటితో అనండి. టేకుకి చార్జీ మిగులుతుంది.