25 లక్షల కార్డు సరే, పోయిన కూలి ఎవరిస్తారు?

2025 సెప్టెంబరు 4న రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య బీమా విధానానికి ఆమోదం తెలిపింది. ఆ వెంటనే మన ఫోన్లలో రెండు రకాల మాటలు తిరిగాయి. ప్రతి కుటుంబానికి 25 లక్షల వైద్యం ఉచితమని కొందరు సంబరపడ్డారు. ఆరోగ్యశ్రీని ప్రైవేటు కంపెనీలకు అప్పగించేశారని మరికొందరు మండిపడ్డారు. చోడవరం చుట్టుపక్కల చెరుకు నరికే, కలుపు తీసే దళితవాడల కుటుంబాలకు వీటిలో ఏది నిజం? రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ మనం అడగాల్సిన ప్రశ్న మాత్రం రెండిట్లోనూ లేదంటున్నాం.

ఏం మారుతోంది?

కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్‌ను, రాష్ట్రం నడిపే ఎన్టీఆర్ వైద్య సేవను కలిపి కొత్త పథకంగా తెస్తున్నారు. కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల రూపాయల వరకు అయ్యే వైద్యానికి బీమా కంపెనీ చెల్లిస్తుంది. అది దాటితే 25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తుంది. 1.63 కోట్ల కుటుంబాలకు 3,257 రకాల చికిత్సలు అందుతాయనీ, చికిత్సకు ముందస్తు అనుమతి 6 గంటల్లో వస్తుందనీ ప్రభుత్వం చెప్పింది.

ఇక్కడ 25 లక్షల అంకెను కాసేపు పక్కన పెడదాం. కాలు విరిగినా, హెర్నియా ఆపరేషనైనా, గర్భసంచి తీయాల్సి వచ్చినా ఆ ప్యాకేజీలు 2.5 లక్షల లోపే తేలిపోతాయి. కూలి కుటుంబాలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరేది ఇలాంటి వాటికే. అంటే మనవాళ్ల ఫైలు ఎక్కువసార్లు వెళ్లేది ట్రస్టు దగ్గరికి కాదు, బీమా కంపెనీ దగ్గరికి.

బీమా కొత్తదేమీ కాదు

ఇదంతా మొదటిసారి జరుగుతున్నట్టు మాట్లాడటం సరికాదు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది కూడా బీమా కంపెనీతోనే. ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి ఆ తర్వాత వచ్చింది.

రెండు పద్ధతుల్లోనూ చిక్కులున్నాయి. బీమాలో ప్రభుత్వం కుటుంబానికి ఇంత అని కంపెనీకి ప్రీమియం కడుతుంది. క్లెయిములు తగ్గితే కంపెనీకి మిగులు పెరుగుతుంది. అందుకే తిరస్కరణల మీద నిఘా లేని బీమా పేదవాడికి ప్రమాదం. ట్రస్టు పద్ధతిలో కంపెనీ లాభం గొడవ లేదు కానీ, ఖజానా నుంచి డబ్బు ఆలస్యమైతే వైద్యం ఆగుతుంది. 2025 అక్టోబరులో బకాయిలు చెల్లించాలంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేసినప్పుడు ఇదే చూశాం. కార్డు చేతిలో ఉన్నా చేర్చుకునే ఆసుపత్రి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

కార్డు లెక్కలోకి రానిది

చోడవరం దగ్గరి ఒక వాడలో రోజు కూలికి వెళ్లే ఒక అమ్మను ఊహించుకుందాం. కడుపులో నొప్పి మొదలైంది. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది, ఆ డబ్బు తనదే. తగ్గకపోతే చోడవరం ప్రభుత్వాసుపత్రికి, అక్కడి నుంచి అనకాపల్లికి, చివరికి విశాఖ కేజీహెచ్‌కి. తిరిగిన ప్రతి రోజూ ఆమె కూలి పోయింది. తోడు వెళ్లిన కూతురి కూలి కూడా పోయింది. ఆపరేషన్ ఉచితంగానే జరుగుతుంది. ఇంటికొచ్చాక నెల రోజులు బరువెత్తొద్దని డాక్టరు చెబుతాడు. ఆ నెల రోజులూ ఇల్లు గడవడానికి చేసేది అప్పే.

బీపీ, షుగర్ మందులదీ ఇదే కథ. ప్రభుత్వాసుపత్రిలో ఉంటే ఉచితం, లేని రోజు బయట కొనాలి. ఆసుపత్రిలో చేరితేనే పనిచేసే బీమా ఈ నెలనెలా ఖర్చును ముట్టుకోదు. దేశంలో ఆరోగ్యం మీద అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోతోందని 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి.

ఆయుష్మాన్ భారత్‌కు గ్రామీణ కుటుంబాలను గుర్తించేటప్పుడు 2011 సామాజిక ఆర్థిక కుల గణనను తీసుకున్నారు. అందులో ఎస్సీ, ఎస్టీ కుటుంబం కావడం ఒక కొలమానం, భూమి లేక కూలి మీద బతకడం ఇంకొకటి. అంటే జబ్బు చేస్తే ఎవరు ముందు కూలిపోతారో ప్రభుత్వానికి తెలుసు. తెలిసీ జాబితాలో పేరు చేర్చడం దగ్గరే ఆగిపోయింది. భూమి ఉన్నవాడు నెల రోజులు మంచం మీదున్నా పొలం ఉంటుంది. కూలివాడికి ఆ నెల తిండే ఉండదు.

ఈ సంగతి రాష్ట్రం ఒకసారి ఒప్పుకుంది కూడా. 2019 డిసెంబరులో తెచ్చిన ఆరోగ్య ఆసరాలో ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చేలా నిబంధన పెట్టారు. పోయిన కూలి కూడా వైద్య ఖర్చేనన్న సూత్రం అందులో ఉంది. ఏ ప్రభుత్వం ఉన్నా ఈ సూత్రం నిలబడాలి.

మనం ఏం అడగాలి?

మొదటిది, బీమా కంపెనీ తిరస్కరించిన ప్రతి క్లెయిమునూ కారణంతో సహా జిల్లాల వారీగా, ఎస్సీ, ఎస్టీ లెక్కలు విడిగా బయటపెట్టాలి. అడగడానికి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. రెండోది, కోలుకునే రోజులకు కూలి భత్యం కొత్త పథకంలో హక్కుగా ఉండాలి. మూడోది, 2013 ఉప ప్రణాళిక చట్టం కింది ఎస్సీల నిధులను అందరికీ వర్తించే బీమా ప్రీమియంలో కలిపేసి లెక్క చూపించకూడదు. ఆ డబ్బు మన వాడలకు దగ్గరి ఆసుపత్రుల్లో డాక్టరు, మందులు, పరీక్షలు ఉండేలా ఖర్చు కావాలి.

ఇక రేపు మన వాడలో ఎవరికైనా వైద్యం నిరాకరిస్తే నోటి మాటతో వెనక్కి రావద్దు. కారణం కాగితం మీద అడగాలి. ఆసుపత్రిలోని మిత్ర డెస్కు దగ్గర ఫిర్యాదు రాయాలి, 104కి ఫోన్ చేయాలి. చదువుకున్న విద్యార్థులు ఒక్కో వాడకు ఒక్కరైనా ఆ కాగితాలు దాచిపెడితే, రేపు కలెక్టరు దగ్గర గ్రీవెన్సులో మన మాటకు ఆధారం ఉంటుంది. పథకం బాగుందో లేదో ఆ కాగితాలే చెబుతాయి.